చేబదులు పిల్లలు

చల్లపల్లి నుంచి కూచిపూడి వైపు వెళ్ళే రోడ్డు మీద పొద్దున తొమ్మిది దాటాక ఒక స్కూటీ వెళ్తుంటుంది. దాని మీద నిటారుగా కూర్చుని, హెల్మెట్ కింద నుంచి లోకాన్నంతా అనుమానంగా చూస్తూ ఒకావిడ కనిపించిందంటే ఆవిడే వెంకటరావమ్మ. అంగన్‌వాడీ సూపర్‌వైజర్. పాతిక కేంద్రాలు ఆవిడ చేతి కింద ఉన్నాయి. పిల్లలకు గుడ్డు పెడుతున్నారా, బాలింతలకు పాలు అందుతున్నాయా, బరువులు తూస్తున్నారా, వంటపాత్రలు తోమారా, ఇవన్నీ కళ్ళారా చూసి పై ఆఫీసుకు రాయడం ఆవిడ పని. ఆ పని ఎంత గట్టిగా చేసేదంటే, ఆవిడ వస్తోందని తెలిస్తే చాలు, టీచర్ల గుండెల్లో రైళ్ళు పరిగెత్తేవి.

ఆ గట్టిదనం ఆవిడకు పుట్టింటి నుంచి వచ్చింది. వాళ్ళది నేతపని. తండ్రి మగ్గం దిగాక, నేసిన బట్టను వెలుతురుకు పట్టి పోగు తెగిన చోటు వెతకడం చిన్నప్పుడు ఆవిడ పని. బట్ట ఎంత అందంగా ఉందో చెప్పమని ఆ పిల్లను ఎవరూ అడగలేదు. తప్పెక్కడుందో చెప్పమన్నారు. పెళ్ళయ్యాక అంగన్‌వాడీ టీచరుగా చేరి, పరీక్ష రాసి, సూపర్‌వైజర్ అయ్యాక కూడా ఆ కళ్ళు అలాగే ఉండిపోయాయి. కేంద్రంలోకి అడుగుపెడితే ముందు మూలన ఉన్న బూజు కనిపించేది. ఆ తర్వాతే పిల్లలు కనిపించేవారు.

భర్త పాండురంగయ్య మనిషి మెత్తన. మగ్గం మానేసి చల్లపల్లిలో చిన్న బట్టల కొట్టు పెట్టుకున్నాడు. "ఏమే, ఇవాళ ఎవరికి మూడింది?" అని పొద్దున్నే నవ్వుతూ అడిగేవాడు. "తప్పు చేసినవాళ్ళకి మూడుతుంది. చేయనివాళ్ళకి నేనంటే భయమెందుకు?" అనేది ఆవిడ. నిజంగానే అలా నమ్మేది, పాపం.

ఇందులో ఆవిడకు తెలియనిది ఒకటుంది. మిగతా అందరికీ తెలుసు. తాను చెప్పాపెట్టకుండా తనిఖీకి వెళ్తానని ఆవిడ గొప్ప. కానీ ఆవిడ ఇల్లు దాటి రోడ్డెక్కగానే, రోడ్డు పక్క కేంద్రంలో ఉండే టీచరు ఫోన్ తీసి వాట్సాప్ గ్రూపులో ఒక మాట పెట్టేది. ఎక్కువేం కాదు, చీర రంగు. "వంకాయ రంగు." "ఈరోజు ఆకుపచ్చ, ఎరుపు అంచు." నేతింటి ఆడపడుచు, పైగా మొగుడికి బట్టల కొట్టు, రోజుకో చేనేత చీర కట్టేది. ఆ చీరను ఎక్కడున్నా పోల్చుకోవచ్చు. మెసేజ్ రాగానే పాతిక కేంద్రాల్లో చీపుళ్ళు లేచేవి. ఆవిడ వెళ్ళేసరికి అన్నీ అద్దంలా ఉండేవి. అయినా ఏదో ఒక తప్పు పట్టుకునేదనుకోండి, అది వేరే సంగతి.

ఆ ఏడు నాట్ల రోజుల్లో పైనుంచి ఒక ఆర్డరు వచ్చింది. పిల్లలు తక్కువగా ఉన్న కేంద్రాలను మూసేసి పక్క ఊరి కేంద్రంలో కలిపేస్తారట. జిల్లా నుంచి ఒక అధికారి స్వయంగా వచ్చి తలలు లెక్కపెడతారట. ఆ మాట వినగానే వెంకటరావమ్మకు గుర్తొచ్చింది కట్టకిందపాలెం.

కాలువ కట్ట దిగువన ఉన్న పాలెం అది. నలభై, యాభై గడప. అందరూ కూలి చేసుకునేవాళ్ళే. నడిమధ్యలో ఒక చర్చి, దాని పక్కనే ఒంటిగది అంగన్‌వాడీ. టీచరు దానమ్మ, ఆయా సువార్తమ్మ. మూడేళ్ళు నిండిన పిల్లల్లో సగానికి పైగా కాన్వెంటు వ్యాను ఎక్కి పోతున్నారు. మిగిలినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. కేంద్రం మూసేస్తే ఆ మిగిలిన పిల్లలు కాలువ దాటి, రొయ్యల వ్యాన్లు దూసుకుపోయే రోడ్డు దాటి, పెదపాలెం వెళ్ళాలి. మూడేళ్ళ పిల్లలు వెళ్తారా? వెళ్ళరు. అది వెంకటరావమ్మకు తెలుసు. ఆ కేంద్రం ఉండిపోవాలని ఆవిడకు మనసులో గట్టిగా ఉంది. అయితే మనసులో ఉన్నది రాయడానికి రిపోర్టులో గడి లేదు.

ముందురోజు వెళ్ళి దానమ్మను కూర్చోబెట్టి చెప్పింది.

"రేపు లక్ష్మీకాంత్ గారని జిల్లా నుంచి వస్తున్నారు. ఉన్నది ఉన్నట్టు చూపించు. గోడలకి బొమ్మలు సరిగ్గా అంటించు. ఆ కిటికీ చూడు, ఏమిటా దుమ్ము?"

"తుడుస్తానండి. మేడమ్ గారూ, మన సెంటరు తీసేస్తారంటారా?"

"పిల్లలుంటే ఎందుకు తీసేస్తారు?"

"పిల్లల్నందర్నీ ఆ పసుపు వ్యాను ఎక్కించుకుపోతోందండి. నేనేం చేసేదండి?"

"ఇంటింటికీ వెళ్ళి అడగాలి. ఇన్నాళ్ళూ ఏం చేశావు?"

దానమ్మ ఏదో చెప్పబోయి నోరు మూసుకుంది. వెంకటరావమ్మ ఆ నోరు మూసుకోవడాన్ని చూసింది కానీ, తప్పు ఒప్పుకుందనుకుంది. పొరపాటంతా అక్కడే జరిగింది.

మర్నాడు లక్ష్మీకాంత్ గారు విజయవాడ నుంచి జీపులో దిగారు. భవానీపురంలో ఉంటారట. పొద్దున్నే బయల్దేరినా మనిషి నలగలేదు. మాట నెమ్మది, నడక నెమ్మది. ఇటువంటి అధికారిని వెంకటరావమ్మ ఎప్పుడూ చూడలేదు. వెంకటరావమ్మను వెంటబెట్టుకుని ముందు పెదపాలెం వెళ్ళారు. కేంద్రంలోకి రాగానే కుర్చీ వద్దని పిల్లల మధ్య చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. ముందు పెదపాలెం వెళ్ళారు. అక్కడి టీచరు పద్మావతమ్మ అనుభవం గల మనిషి. పిల్లలు గది నిండా ఉన్నారు. సాయిశ్రీ అని ఒక గడుగ్గాయి, నాలుగేళ్ళుంటాయి, వాళ్ళక్క కూచిపూడిలో నాట్యం నేర్చుకుంటోందట, లేచి నిలబడి చేతులు తిప్పుతూ, కాళ్ళు తాటిస్తూ, చేపపిల్ల పాటకు ఆడి చూపించింది. లక్ష్మీకాంత్ గారు చప్పట్లు కొట్టి, "నీ పేరేంటమ్మా?" అని అడిగి, జేబులోంచి చాక్లెట్ తీసి ఇచ్చారు.

అక్కడి నుంచి కట్టకిందపాలెం కాలువ కట్ట మీదైతే దగ్గరే. కానీ కట్ట మీదా, కాలువ దాటించే ఇరుకు తూము మీదా జీపు పోదు, చుట్టుతిరిగి వంతెన మీదుగా రావాలి. దారిలో ఎండ చురుక్కుమంటుంటే లక్ష్మీకాంత్ గారు జీపు ఆపించి కొబ్బరిబొండాలు కొట్టించారు. ఆయన నీళ్ళు తాగుతూ, రెండు పక్కలా నాట్లు వేస్తున్న ఆడవాళ్ళను చూస్తూ, "ఈ కూలికెళ్ళేవాళ్ళ పసిపిల్లల్ని ఎవరు చూస్తారండీ?" అని అడిగారు.

"ముసలివాళ్ళెవరో చూస్తారండి," అంది వెంకటరావమ్మ. ఎప్పుడూ ఆలోచించని ప్రశ్నకు చటుక్కున చెప్పిన సమాధానం అది.

కట్టకిందపాలెం కేంద్రం ముందు జీపు ఆగింది. లోపల కిలకిలమని గోల. వెంకటరావమ్మ ఆశ్చర్యపోయింది. గుమ్మంలోకి వచ్చి చూస్తే గది నిండా పిల్లలు! దానమ్మ చేతులు కట్టుకుని గోడకు అతుక్కుని ఉంది, ముఖాన చెమట. ఒక్క క్షణం వెంకటరావమ్మ ప్రాణం లేచొచ్చింది. రెండో క్షణానికి నీరుగారిపోయింది.

ముందు వరసలో సాయిశ్రీ కూర్చుని ఉంది. మూతి చుట్టూ చాక్లెట్.

అంగన్‌వాడీల మధ్య చేబదుళ్ళు మామూలే. పప్పు తగ్గితే పప్పు, గ్యాస్ అయిపోతే బండ, తూకం మిషను పాడైతే మిషను, ఒకరి దగ్గర్నుంచి ఒకరు తెచ్చుకుంటారు. కానీ పిల్లల్ని చేబదులు తేవడం! జీపు అలా మలుపు తిరగ్గానే రత్తయ్య ఆటో పెదపాలెం కేంద్రం వెనక నుంచి పిల్లల్ని ఎక్కించుకుని కట్ట మీద పడింది. కొబ్బరిబొండాలు తాగేలోపు ఇక్కడ దింపేసింది. పద్మావతమ్మ జాలిపడి ఒప్పుకుందట. జాలి మంచిదే గాని, ఊరి పిల్లల్ని ఆటోలో కుక్కి కాలువ కట్ట మీద పంపడానికి ఆవిడకు మనసెలా ఒప్పిందో! ఇదంతా తర్వాత తెలిసింది. అప్పటికి వెంకటరావమ్మకు తెలిసింది ఒక్కటే, ఈ పిల్లలు ఆ పిల్లలేనని.

ఇప్పుడు ఆవిడ నోరు తెరవాలి. ఇన్నేళ్ళ సర్వీసులో ఒక్క అబద్ధపు అక్షరం రాయని మనిషి. బూజు కనిపిస్తే ఊరుకోని మనిషి. అలాంటిది కళ్ళెదుట ఇంత మోసం కనిపిస్తుంటే నోరు పెగల్లేదు. ఆయన గుర్తుపట్టకపోతే బాగుండునని అనిపించింది. పట్టకపోతే కేంద్రం నిలబడుతుంది కదా! ఆ ఆలోచన తనదేనా అని ఆవిడే హడలిపోయింది.

లక్ష్మీకాంత్ గారు చెప్పులు విడిచి వచ్చి చాప మీద కూర్చున్నారు. పిల్లల్ని తేరిపార చూశారు. గుర్తుపట్టారో లేదో ముఖం చూస్తే తెలియలేదు. ఇంతలో సాయిశ్రీ లేచి నిలబడింది. మర్యాద తెలిసిన పిల్ల.

"సార్, ఇందాక ఆడాను కదా. మళ్ళీ ఆడమంటారా?"

దానమ్మ రెండు చేతులతో ముఖం కప్పుకుంది. లక్ష్మీకాంత్ గారు మాత్రం పకపకా నవ్వారు.

"వద్దులే తల్లీ, అలిసిపోయుంటావు. ఆటోలో వచ్చావా?"

"రత్తయ్య మామ ఆటో! కట్ట మీద ఎగిరెగిరి పడ్డాం!"

ఆయన నవ్వు ఆగిపోయింది. లేచి, బయట వేపచెట్టు కింద ఆటోలో పడుకున్న రత్తయ్యను పిలిచి, పిల్లల్ని కొద్దికొద్దిమందిగా, రోడ్డు మీదుగా, నెమ్మదిగా దింపి రమ్మని తన జీపు డ్రైవర్ని తోడిచ్చి పంపించారు. పిల్లలు వెళ్ళిపోయాక గదిలో మిగిలినవాళ్ళు గుప్పెడు. ఒక మూలన ముడుచుకుని కూర్చున్నారు, తమదేదో తప్పున్నట్టు.

"మేడమ్, ఈ సంగతి మీకు తెలుసా?" అని అడిగారాయన.

"ముందు తెలీదండి. గుమ్మంలోకి రాగానే తెలిసింది. మీకు చెప్పలేదు," అంది వెంకటరావమ్మ.

ఆ సిగ్గంతా కోపమై దానమ్మ మీద పడింది. "ఏమ్మా! నిన్న నీకు చిలక్కి చెప్పినట్టు చెప్పాను కదా! ఉన్నది ఉన్నట్టు చూపించమన్నానా లేదా? పిల్లలనుకున్నావా, పప్పు డబ్బాలనుకున్నావా? దార్లో ఏదైనా అయితే ఎవరికి చెప్పేవాళ్ళం? నీతోపాటు నా పరువూ తీశావు కదే!"

దానమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంటూ నిలబడింది. లక్ష్మీకాంత్ గారు బల్ల దగ్గరకెళ్ళి కాగితం తీశారు. ఇక రాయడమే మిగిలింది. కట్టకిందపాలెం కేంద్రం కథ కంచికి వెళ్ళిపోయినట్టే.

అప్పుడే బయట అడుగుల చప్పుడయింది. పొలం నుంచి నాట్ల ముఠా అన్నం వేళకు వచ్చింది. మోకాళ్ళ దాకా బురద, నడుముకు బిగించిన కొంగులు. అందరికంటే ముందు ఒక పాతికేళ్ళ పిల్ల పరుగులాంటి నడకతో వచ్చింది. పేరు బ్లెస్సీ. జీపు చూసింది, కొత్త మనుషుల్ని చూసింది, ఏడుస్తున్న దానమ్మను చూసింది. గదంతా కళ్ళతో వెతికింది.

"దానమ్మత్తా, నా పిల్లోడేడి?"

దానమ్మ తల దించుకుంది.

"నా పిల్లోడేడత్తా? జోయెల్ ఏడి? ఏమైంది? మాట్లాడవే?" బ్లెస్సీ గొంతు పాలెమంతా వినిపించేలా లేచింది. వెనకున్న ఆడవాళ్ళు కూడా గుమ్మంలోకి తోసుకొచ్చారు. "మా పిల్లేది?" "మావోడేడి?"

వెంకటరావమ్మకు ఏమీ అర్థం కాలేదు. ఏ పిల్లాడు? ఎవరి పిల్ల? లక్ష్మీకాంత్ గారు కలం పట్టుకుని అలాగే ఉండిపోయారు.

పక్కనున్న చర్చి తలుపు తెరుచుకుంది. సువార్తమ్మ బయటికొచ్చింది. భుజం మీద ఒక పసివాడు గుక్కపెట్టి ఏడుస్తున్నాడు, చంకలో ఇంకో పిల్ల. "ఇక నావల్ల కాదు దానమ్మా, ఆకలికి ఆగట్లేదు," అంది. అని, అధికారుల్ని చూసి కొయ్యబారిపోయింది. బ్లెస్సీ ఒక్క అంగలో వెళ్ళి కొడుకును లాక్కుని, అక్కడే మెట్టు మీద కూలబడి రొమ్ముకు అదుముకుంది. పిల్లాడు ఏడుపు మానేశాడు.

వెంకటరావమ్మ చర్చిలోకి తొంగిచూసింది. నేల మీద పాత దుప్పట్లు పరిచి ఉన్నాయి. కిటికీ కమ్ములకు కట్టిన చీర ఉయ్యాలల్లో ఇద్దరు నిద్రపోతున్నారు. దుప్పటి మీద ఇంకొందరు, పాకేవాళ్ళు, తప్పటడుగులవాళ్ళు. ఒకడు గిన్నె బోర్లించి కొడుతున్నాడు. అందరి ముఖాలూ కడిగి ఉన్నాయి. అందరి కళ్ళకూ కాటుక. ఆవిడ తప్పు వెతకలేదు. ఆ సంగతి తర్వాత ఎప్పుడో గుర్తొచ్చి ఆవిడకే వింతగా అనిపించింది.

"వీళ్ళెవరమ్మా?" అని లక్ష్మీకాంత్ గారు అడిగారు.

దానమ్మ చెప్పలేకపోతే బ్లెస్సీ చెప్పింది, పాలిస్తూనే.

"మా పిల్లలేనండి. పొద్దున్నే మేం నాట్లకెళ్తూ దానమ్మత్త దగ్గర వదిలేసి పోతామండి. ఇంతకుముందు గట్టు మీద గొడుగు కింద పడుకోబెట్టేవాళ్ళం. కాస్త పాకే వయసొస్తే కాలికి చీర ముక్క కట్టి, రెండో కొస గొడుగు కర్రకి కట్టేవాళ్ళం, కాలవలోకి పోకుండా. నా పెద్దదాన్ని అలాగే పెంచానండి. ముడి ఊడింది ఒకరోజు. నీళ్ళ అంచు దాకా పోయింది. దేవుడి దయవల్ల పక్క చేలో ఉన్నామె చూసింది. అప్పట్నుంచి అత్తే అంది, పనికెళ్ళండే, నేను చూస్తాను అని."

"మరి చర్చిలో ఎందుకున్నారు?"

"మూడేళ్ళ లోపు పిల్లల్ని సెంటర్లో ఉంచకూడదంట కదండీ. సూపర్‌వైజర్ గారు వస్తున్నారని ఫోను రాగానే చర్చిలోకి మార్చేస్తారండి. ఆవిడ వెళ్ళిపోయాక మళ్ళీ తెస్తారు. ఇవాళ కూడా అంతే."

"ఫోనా? ఏ ఫోను?" అంది వెంకటరావమ్మ.

సువార్తమ్మ మెల్లగా, "మీ చీర రంగు చెబుతారండి," అంది.

వెంకటరావమ్మ గుమ్మం పట్టుకుని నిలబడింది. చెప్పాపెట్టకుండా వస్తాననుకున్న తనిఖీలన్నీ ఒక్కొక్కటే కళ్ళ ముందు తిరిగాయి. తాను ఈ గదిలో కూర్చుని కిటికీ దుమ్ము గురించి కేకలేస్తుంటే, గోడకు అవతల ఈ పసివాళ్ళ నోళ్ళు మూయడానికి సువార్తమ్మ అవస్థ పడుతూ ఉండేదన్నమాట. తన పాతిక కేంద్రాల్లోనూ ఇంత మంచి పని ఇంకోటి జరగడం లేదు. అదే తనకు చూపించలేదు. ఆవిడకు కళ్ళ నీళ్ళు వచ్చాయి, దాచుకోవాలని కూడా తోచలేదు.

లక్ష్మీకాంత్ గారు చర్చి అరుగు మీద కూర్చున్నారు. "దానమ్మ గారూ," అన్నారు. ఆవిణ్ణి గారూ అని పిలిచిన అధికారి అంతకుముందు ఎవరూ లేరు. "మీరు లేని పిల్లల్ని చూపించి ఉన్న పిల్లల్ని దాచారు. నేనిప్పుడు రెండూ రాయాలి. ఆటోలో తెచ్చిన సంగతి రాయకుండా ఉండలేను. పిల్లలకు ప్రమాదం అది."

"రాయండి సార్," అంది దానమ్మ. "నా ఉద్యోగం పోయినా పర్లేదు. ఈ గది తీసేయకండి."

"ఇటువంటి చోట్ల అంగన్‌వాడీకే పసిపిల్లల సంరక్షణ గది కలిపే వీలుంది. నేను సిఫారసు చేస్తాను. అవుతుందని మాటివ్వలేను. నిర్ణయం వచ్చేదాకా మాత్రం ఈ కేంద్రం మూయొద్దని రాస్తాను," అన్నారాయన. ఆ తర్వాత సువార్తమ్మ వడ్డిస్తే పప్పన్నం తిని వెళ్ళారు.

జీపు కదిలాక వెంకటరావమ్మ అక్కడే ఉండిపోయింది. తల్లులు పిల్లల్ని అప్పగించి మళ్ళీ చేలోకి పోయారు. ఆవిడా దానమ్మా గుమ్మంలో కూర్చున్నారు. వెంకటరావమ్మ అడిగింది.

"నాతో ఒక్కసారైనా ఎందుకు చెప్పలేదు దానమ్మా? నిన్న కూడా అడిగాను కదా?"

"చెబుదామనే నోటిదాకా వచ్చిందండి."

"మరి?"

"చెబితే మీరు రాసేసేవాళ్ళు కదండీ."

వెంకటరావమ్మ కాదని చెప్పాలనుకుంది. కానీ నిన్న చెప్పుంటే రాసేసేదే. నిబంధనకు విరుద్ధంగా మూడేళ్ళ లోపు పిల్లలను ఉంచుచున్నారు అని, చక్కటి చేతిరాతతో.

పది రోజులకు ఆవిడకు మెమో వచ్చింది. ఇన్నేళ్ళలో మొదటి మెమో. మీ పర్యవేక్షణలో ఉన్న కేంద్రంలో ఇంత జరుగుతుంటే మీ దృష్టికి ఎందుకు రాలేదో, తెలిసిన తర్వాత వెంటనే ఎందుకు చెప్పలేదో సంజాయిషీ ఇవ్వాలి. పాండురంగయ్య కొట్టు కట్టేసి వచ్చి, కాగితం చదివి, భార్య పక్కన కూర్చున్నాడు.

"దీనికంత దిగులెందుకు? టీచరు నా దగ్గర దాచిపెట్టింది, నాకు సంబంధం లేదు అని రాసెయ్. అందరూ రాసేది అదే కదా."

"దాచిపెట్టిన మాట నిజమే. ఎందుకు దాచిపెట్టిందో కూడా రాయాలి కదండీ."

"అది రాస్తే నీ మీదికే వస్తుంది రావమ్మా."

"వస్తుంది," అంది ఆవిడ.

మర్నాడు ఆవిడ ఇచ్చిన సంజాయిషీ చదివి ఆఫీసులో పెద్ద మేడమ్ కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టారు. "ఇదేంటండీ! నేను వెళ్ళిన ప్రతిచోటా తప్పులే వెతికాను, అందుచేత నా టీచర్లు మంచిని కూడా నాకు కనపడకుండా దాచవలసి వచ్చింది, బాధ్యత నాదే... సర్వీసులో మచ్చ పడుతుందండీ. ఇంకోలా రాసివ్వండి, నేను మాట్లాడతాను."

"అలాగే పంపించండి మేడమ్. అంతకంటే నిజం నాకు దొరకలేదు," అంది వెంకటరావమ్మ.

పంపించారు. మచ్చ పడింది కూడా. దానమ్మకూ, పద్మావతమ్మకూ గట్టి హెచ్చరికలు వచ్చాయి. కట్టకిందపాలెం పేరు మాత్రం మూసే కేంద్రాల్లో లేదు. పసిపిల్లల గది ఇంకా మంజూరు కాలేదు గాని, అయ్యేదాకా వాళ్ళను అక్కడే ఉంచమని నోటిమాటగా చెప్పారు. చీర ఉయ్యాలలు చర్చిలోంచి కేంద్రంలోకి వచ్చాయి.

మనుషులు ఒక్క రోజులో మారిపోతారని నేను చెప్పను. వెంకటరావమ్మ అరుపులు ఆ తర్వాత కూడా ఉన్నాయి. తోమని గిన్నె కనిపిస్తే ఇప్పటికీ ఊరుకోదు. టీచర్లు కూడా అంత తేలిగ్గా నమ్మలేదు. ఆవిడ మెత్తగా మాట్లాడితే ఇదేదో కొత్త ఎత్తు అనుకుని ఇంకా హడలిపోయారు. నాట్లు అయిపోయాయి, కలుపులు కూడా అయిపోయాయి, ఎవరూ ఆవిడతో ఒక్క కష్టం చెప్పుకోలేదు. ఆవిడకు అది లోపల గుచ్చుకుంటూనే ఉండేది. ఎవరితోనూ అనేది కాదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆవిడ అన్నం తిని అరుగు మీద కూర్చుంటే ఫోను మోగింది. దానమ్మ.

"మేడమ్ గారూ, సెలవు పూట చేశానండి, ఏమనుకోకండి. ఒక సంగతి చెప్పాలండి." "తప్పు నాదేనండి. బియ్యం మూట గోడకి ఆనించి పెట్టానండి, వానకి గోడ చెమ్మగిల్లి మూటంతా బూజు పట్టింది. పైపైన తీసేసి వండేద్దామంది సువార్తమ్మ. నాకు మనసొప్పలేదండి. పసిపిల్లలు కదా. రేపటికి బియ్యం లేవండి."

వెంకటరావమ్మకు నోటిదాకా వచ్చింది, మూట కింద చెక్క పెట్టమని ఎన్నిసార్లు చెప్పాను అని. ఇన్నేళ్ళలో తన తప్పు తానే చెప్పుకోవడానికి ఒక టీచరు తనకు ఫోను చేయడం ఇదే మొదటిసారి. ఆవిడ ఫోను రెండో చేతిలోకి మార్చుకుంది.

"మంచి పని చేశావు దానమ్మా, చెప్పి. రేపటి బియ్యం సంగతి నేను చూస్తాను," అంది.

అవతల దానమ్మ ఇంకా ఏమైనా అంటుందేమోనని భయంగా ఎదురుచూస్తోంది.

"జోయెల్ నడుస్తున్నాడా?" అని అడిగింది వెంకటరావమ్మ.